ఒక మనిషిని దించేంత చోటు

టౌనులో చదువుకున్నోళ్ళు ఒక మాట అంటా ఉంటారు, "దింపుడు కళ్ళం ఆశ" అని. ఎలక్షన్లో ఓడిపోయేది ఖాయమని తెలిసినా ఓట్ల లెక్కింపు కాడ గోళ్ళు కొరుక్కుంటా కూర్చునేవాడిని చూసి అంటారు. ఆడని సినిమాని ఇంకో వారం ఆడించేవాడిని చూసి అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోతాది. మీకది సామెత అబ్బా. మా గంగులక్క దాన్ని పట్టుకొనే ఇన్నేండ్లు బతికింది.

తెలియనోళ్ళకి చెప్తాను, తెలిసినోళ్ళు ఓర్చుకోండి. మా పక్క మనిషి పోతే, పాడె మీద మోసుకుపోతా ఇంటికీ కాటికీ నడిమధ్యలో ఒక తావ కిందికి దించుతారు. అయినవాళ్ళు చెవి కాడ వంగి పేరు పెట్టి మూడు సార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలన్నా మిగిలుంటే పలుకుతాడని. ఆ చోటే దింపుడు కళ్ళం. ఆడోళ్ళు అంతవరకే రావాల, ఆడి నుంచి ఇంటికి తిరగాల. మగోళ్ళు కాటికి పోతారు. అంటే కన్నతల్లి అయినా, కట్టుకున్నది అయినా, మనిషి మొగం ఆఖరుగా చూసేది ఆడనే.

మా కాలనీకి ఆ చోటే లేకుండా పోయింది.

నేను పంకజాక్షిని. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోస్తాను, తక్కిన నాళ్ళు ఉపాధి పనికి పోతాను. నోరు జాస్తి అంటారు, అననీ. ఊరి పేరు చెప్పను, చెప్తే మళ్ళీ కొట్లాట. వడమాలపేట మీద పుత్తూరుకు పోయే బస్సు ఎక్కితే మా మామిడితోపులు కనపడతాయి, అంతమటుకు చాలు. మేము కాలనీ వాళ్ళం. ఊళ్ళోవాళ్ళు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేటప్పుడు మాకు ఇంకో పేరు వాడతారు, అది నా నోటితో అనను.

మా కాలనీకీ కాటికీ మధ్య వంక ఉండాది. వంక మీద చిన్న కల్వర్టు ఉండాది గానీ, దాని కాడికి పోవాలంటే జయరామయ్య మామిడితోట అంచున పోవాల. మా అత్త కాలంలో అట్లనే పోయేవాళ్ళు, ఆడ దోవ ఉండేది. జయరామయ్య కంచె ఏసినాక దోవ తోటలో కలిసిపోయింది. "శవాలు పోతే పూత నిలవదు" అంటాడు. మేము ఆ చెట్ల కింద కూలికి పోతే నిలిచే పూత, మా శవం పోతే రాలిపోతాదంట. అప్పటి నుంచి మా పీనుగులు సీదా వంకలో దిగాల్సిందే. వానలప్పుడు నీళ్ళు, ఎండల్లో ఊరి మురుగు. వంక ఎక్కితే అదే కాడు. నడిమధ్య అంటే ఇంగ వంక నడుమే. ఆ నీళ్ళల్లో, ఆ బురదలో మనిషిని యాడ దించేది?

గంగులక్కది నా పక్కిల్లు. పుట్టింది కాణిపాకం పక్క. వాళ్ళమ్మ ఆడ వినాయకుడి గుడి బయట గరిక అమ్మేదంట. గంగులక్కకి మొగుడు పెండ్లయిన కొన్నాళ్ళకే పోయినాడు, ఒక్కడే కొడుకు. మాటకారి మనిషి. కలుపు తీసేకాడ ఆమె కతలు చెప్తా ఉంటే పొద్దు పోయేది తెలిసేది కాదు. వాళ్ళ ఊళ్ళో ఒక తాతని దింపుడు కళ్ళం కాడ పిలిస్తే లేసి కూర్చుని నీళ్ళడిగినాడంట, ఆనక మనవరాళ్ళ పెండ్లిండ్లు కూడా చూసి పోయినాడంట. ఆ కత మాకు ఎన్ని సార్లు చెప్పిందో. "ఎంత తాగి పండుకున్నాడో మీ తాత" అని నేను, "నోరు మూసుకోమే, మా జేజి కండ్లారా చూసింది" అని ఆమె.

కొడుకు ఢిల్లీబాబు. తిరుపతిలో ఆటో తోలేవాడు, బస్టాండు నుంచి అలిపిరికి. కొండకి పోయే జనాన్నంతా అలిపిరిలో దించేసి వస్తాడే గానీ, తాను ఒక్కనాడన్నా మెట్లెక్కినోడు కాదు. "స్వామికి నా ఆటో నంబరు తెలుసులేమ్మా" అని నవ్వేవాడు. నిద్ర అంటే ప్రాణం వాడికి. పొద్దున్నే వాళ్ళమ్మ పిలిచేది కాలనీ మొత్తానికీ వినపడేది. మొదటి పిలుపుకు దుప్పటి మొగం మీదికి లాక్కుంటాడు. రెండో పిలుపుకు "ఊ" అంటాడు. మూడోదానికి లేస్తాడు. రోజూ అదే పాట. మూడోసారి పిలిచిందంటే మేము పొయ్యి మీద నుంచి సంగటి దించేవాళ్ళం, అంత టైము ప్రకారం.

కార్తీకం వానల్లో పోయినాడు. ఎడతెగని ముసురు, యాడ చూసినా నీళ్ళు, రోడ్డు తెగిపోయింది. పొలాల్లో పాములన్నీ ఇండ్లల్లోకి వచ్చేసినాయి. తెల్లారుజామున కడుపులో నొప్పి అని లేసినాడు, కండ్ల రెప్పలు పైకి లేయడం లేదమ్మా అన్నాడు, అట్లనే గోడకి జారిపోయినాడు. కట్లపాము, నిద్రలో కాటేస్తే గాటు కూడా కనపడదు. తిరుపతికి తీసుకుపోదామంటే బండి పోయే దోవ లేదు. ఊళ్ళో సూదులేసే డాక్టరు మోకాటి నీళ్ళల్లో నడిచి వచ్చి, చెయ్యి పట్టి చూసి, అయిపోయిందమ్మా అన్నాడు. నేను కూడా పట్టి చూసినాను. చల్లగా ఉండాడు. వాడు పోయినాడని నాకు తెలుసు, కాలనీలో అందరికీ తెలుసు.

కానీ వాడిని చూస్తే నిద్రపోతా ఉండేవాడి మాదిరే ఉండాడు. ఒక్క గాటు లేదు, మొగంలో మార్పు లేదు. మాలో పెద్ద చిన్నబ్బ మామ, మంచికీ చెడ్డకీ ఆయనే ముందుంటాడు. వంక చూసొచ్చి తొందర పెట్టినాడు. "నీళ్ళు పెరగతా ఉండాయి, ఇంగ గడియ సేపు ఆగితే దాటలేము, ఇల్లు కూడా కారతా ఉండాది, ఎత్తండబ్బా" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టేదానికి లేదు. జయరామయ్య గేటు తాళం తీస్తే కల్వర్టు మీద పోవచ్చునని మనిషిని పంపినాము. ఆయన ఇంట్లో లేడని చెప్పి పంపేసినారు. ఇంట్లోనే ఉండాడు.

మగోళ్ళు మోకు కట్టుకొని వంకలో దిగినారు. రొమ్ముల దాకా నీళ్ళు. పాడెని నెత్తికి పైన ఎత్తి పట్టుకున్నారు. ముందు పట్టుకున్నోడు గుణశేఖర్, ఢిల్లీబాబుకి చిన్నప్పటి జతగాడు, ఏడ్చుకుంటానే మోసినాడు. మేము ఆడోళ్ళం గట్టు మీదనే నిలబడినాము. "దించండి, ఒక్కసారి దించండప్పా, నేను పిలవాల" అని గంగులక్క అరస్తా ఉండాది. నీళ్ళల్లో ఎట్ల దించుతారు? ఇద్దరం పట్టుకున్నాము ఆమెని, లేకుంటే దూకేసేది. ఈ గట్టు మీద నుంచే "ఢిల్లీబాబూ" అని పిలిచింది. వంక రొదలో పక్కనున్న నాకే వినపడలేదు.

ఆ పొద్దు నుంచి ఆమె కతలు చెప్పడం మానేసింది. ఒకటే మాట పట్టుకుంది. "పిలిచుంటే లేసేవాడు మే." నేను చెప్పినాను, ఇంట్లో ఎన్ని సార్లు పిలిచినావక్కా అని. "అది ఏడుపు. ఏడుపుకు ఎవురు లేస్తారు? దించి, చెవిలో పిలిస్తే, అది పిలుపు. వాడు మూడో పిలుపుకు లేసేవాడే, నీకు తెలీదా?" తెలుసు కదా నాకు.

దినం కూడా చెయ్యనీలేదు. మాలో పోయినోళ్ళకి దినం నాడు వాళ్ళకి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతారు, ఆ కూడు వాళ్ళకి చేరతాదని. చిన్నబ్బ మామ ఇంటికొచ్చి అడిగినాడు. "పిలవకుండానే సచ్చినాడని నేనెట్ల ఒప్పుకునేది మామా? ఒప్పుకోని మనిషికి దినమేంది?" అని ఆమె మొగాన్నే అడిగేసింది. ఆయన తువ్వాలు భుజాన ఏసుకొని తలకాయ వంచుకొని పోయినాడు. ఏటేటా ఆ నెల వచ్చేది పోయేది, ఆమె పొయ్యి మీద ఒక్క గిన్నె జాస్తి పెట్టింది లేదు.

వానలు తగ్గినాక నన్ను ఎంటబెట్టుకొని జయరామయ్య ఇంటికి పోయింది. వాకిట్లో నిలబడినాము. ఆయనేమీ రాక్షసుడు కాదు, ఏటా మా పిల్లోళ్ళకి రాలిన కాయలు బుట్ట నిండా ఇప్పించేవాడే. "నీ కొడుకు పోయినందుకు నాకూ బాధగానే ఉండాది గంగులూ" అన్నాడు. "ఏం కావాలన్నా అడుగు. ఆ దోవ మాత్రం అడగబాక."

"నాకు ఇంగేమి కావాలయ్యా" అనింది గంగులక్క. "వాడిని ఎట్లాగూ పిలుచుకోలేకపోయినాను. ఇంగొకరి బిడ్డనన్నా దించి పిలుచుకోనీండి. ఒక్క మనిషిని దించేంత చోటు చాలు."

ఆయన లోపలికి పోయి ఫ్యాను ఏసుకున్నాడు. మేము చాలాసేపు నిలబడి తిరిగొచ్చేసినాము.

ఆ ఏడు తోతాపురి కాయ కోతకి వచ్చినప్పుడు కాలనీలో ఒక్క ఆడమనిషి కూడా ఆయన తోటకి పోలేదు. ఇది గంగులక్క చేసిన పని. ఇంటింటికీ పోయి చెప్పింది, "మన పీనుగ పోతే రాలిపోయే పూత, మన చెయ్యి పడితే కాయ కుళ్ళిపోదా? పోబాకండి" అని. నవ్వినాము, ఆనక నిజమే కదా అనుకున్నాము. కాయ చెట్టు మీదనే పండి రాలిపోయింది. ఆయన తమిళనాడు నుంచి కూలోళ్ళని లారీలో తెచ్చుకున్నాడు. మాకు ఊళ్ళో ఇంగెవురూ పని ఇయ్యలేదు. గోరుచుట్టు మీద రోకలిపోటు. మగోళ్ళు గొణిగినారు, ఆడోళ్ళు కొంతమంది గంగులక్కని తిట్టినారు కూడా. నేను కూడా ఒకనాడు విసుక్కున్నాను. అయినా ఒక్కరం కూడా ఆ గేటు దాటలేదు.

అప్పుడే స్టెల్లా వచ్చింది. తిరుపతిలో హక్కుల సంఘంలో పనిచేసే అమ్మాయి, స్కూటీ మీద వస్తాది. మా కత ఎవురో చెప్పినారంట. వేపచెట్టు కింద కూర్చోబెట్టి మాకు చెప్పింది, కాటికి దోవ మనం అడుక్కునేది కాదు, మనకు రావాల్సింది అని. ఆ పిల్ల చెప్తా ఉంటే బాగానే ఉండాది గానీ, ఆఫీసుల సంగతి మాకు తెలియనిదా? దేవుడు వరమిచ్చినా పూజారి ఇయ్యడు. సోమవారం వచ్చిందంటే అర్జీ ఇచ్చేదానికి బయల్దేరేది గంగులక్క. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మంటారు, ఆడ పాత ఆఫీసుకే పొమ్మంటారు. స్టెల్లాకి వేరే ఊరి పనులుంటే నేను పోయేదాన్ని తోడు. చెప్పులు అరిగిపోయినాయంటే ఊరికే అంటారనుకున్నాను, నిజంగానే అరగతాయి. ఒక్కోసారి గంగులక్క బస్సులో కిటికీకి తల ఆనించి నిద్రపోయేది. నిద్రలో పెదాలు కదిలేవి.

ఆఖరికి సర్వే చేసేవాళ్ళు గొలుసు తెచ్చినారు. తోట అంచున కొలిచి, ఇది సర్కారు దోవే, తోటలో కలిపేసుకున్నారు అని తేల్చినారు. ఆ సంగతి మా కాళ్ళకి ఎప్పటి నుంచో తెలుసు. జయరామయ్య గేటు కాడ కుర్చీ ఏసుకొని కూర్చున్నాడు. వచ్చిన ఆఫీసరు వయసులో చిన్నోడు, మర్యాదస్తుడు. "ఎంత వెడల్పు దోవ కావాలమ్మా మీకు?" అని అడిగినాడు. స్టెల్లా ఏదో చెప్పబోయింది. గంగులక్క ముందే చెప్పేసింది. "పాడె పట్టుకొని నలుగురు నడిచేంత. నడిమధ్యలో మాత్రం ఒక మనిషిని దించి, తల కాడ ఒక ఆడది కూర్చునేంత ఉండాల సార్." ఆ పిల్లోడు మొగం పక్కకి తిప్పుకున్నాడు.

కంచె జరిపినారు. మట్టి తోలి దోవ ఏసినారు. ఆ రోజు చిన్నబ్బ మామ పలక డప్పు కట్టుకొని ఆ వయసులో కొట్టినాడు చూడండి, గుండెలు అదిరినాయి. సావుకు తప్ప పలక కొట్టని మామ సంతోషానికి కొట్టడం అదే చూసినాము. దోవ నడుమ అరుగు మాత్రం సర్కారు కట్టలేదు, మేమే కట్టుకున్నాము. ఆడోళ్ళం మిట్ట మీద నుంచి రాళ్ళు మోసినాము. తల పెట్టే పక్క రొంత ఎత్తు చేసింది గంగులక్క, పక్కన ఒక కానుగ మొక్క కూడా నాటింది. "పిలిచేటప్పుడు మొగం మీద ఎండ పడకూడదు మే, కండ్లు తెరిచేదానికి కష్టం" అనింది. నేను నీళ్ళు పోస్తా ఉండినదాన్ని, అట్లనే నిలబడిపోయినాను. అదంతా ఎవురికి కట్టినావక్కా అని అడిగేదానికి నోరు రాలేదు. నోరు జాస్తి అంటారే నన్ను, ఆ నోరే.

ఆ ఏడు జయరామయ్య తోటలో పూత నిలిచింది, కాపు విరగకాసింది.

దోవ వచ్చినాక మా కాలనీలో చాన్నాళ్ళు ఎవురూ పోలేదు. చిన్నబ్బ మామ నవ్వేవాడు, "నేనే ముందు పోవాలేమో, లేకుంటే కట్టిన అరుగు దండగైపోతాది" అని. "నువ్వుండు మామా, నువ్వు పిలిచినా లేయవు, సోమరిపోతువి" అని మేము. గంగులక్క కూడా నవ్వేది. రోజూ పొద్దున్నే పోయి అరుగు ఊడ్చి వచ్చేది.

ముందు పోయింది గుణశేఖర్. ఢిల్లీబాబుని వంకలో నెత్తి మీద మోసినోడు. నగరిలో మరమగ్గాల కాడ పనికి పోయేవాడు. మగ్గం ముందరే గుండె పట్టుకొని కూలబడినాడంట, ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. పెండ్లాం మోనిక చిన్నపిల్ల, చంకలో బిడ్డ. రాత్రంతా ఏడ్చి ఏడ్చి దాని గొంతు పూర్తిగా పూడుకుపోయింది.

పొద్దున్నే ఎత్తినారు. పలక ముందు, పాడె ఎనక, దాని ఎనక మేము. ఆడోళ్ళం. మా అత్త కాలం తరువాత ఆడోళ్ళు దింపుడు కళ్ళం దాకా శవం ఎంట నడవడం అదే. వంకలో దిగలేదు, బురద తొక్కలేదు, తోట అంచున తలెత్తుకొని పోయినాము. దుఃఖంలో కూడా అది నాకు తెలస్తానే ఉండాది, చెప్తే తప్పవునో కాదో. అరుగు కాడికి వచ్చినాక చిన్నబ్బ మామ చెయ్యి ఎత్తినాడు. పలక ఆగింది. దించినారు.

"పిలువు తల్లీ" అన్నాడు మామ. మోనిక వంగింది, నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచింది. ఆ బిడ్డ కష్టం చూడలేకపోయినాము. మోనిక గంగులక్క చెయ్యి పట్టుకొని సైగ చేసింది, నువ్వు పిలువత్తా అని.

గంగులక్క తల కాడ కూర్చుంది. తానే రొంత ఎత్తు చేసిన తావ. వాడి నుదుటి మీద ఎంటికలు పక్కకి తీసింది. చెవి కాడికి వంగి, ఏడవకుండా, పొద్దున్నే లేపేదానికి పిలిచే గొంతుతో పిలిచింది.

"ఢిల్లీబాబూ."

చిన్నబ్బ మామ తల ఎత్తినాడు. తప్పు పేరమ్మా అని చెప్పబోయినాడు. నేను ఆయన చెయ్యి పట్టుకొని గట్టిగా నొక్కినాను. మోనిక గంగులక్క వీపు మీద చెయ్యి పెట్టింది, అంతే.

"ఢిల్లీబాబూ" అనింది రెండోసారి. ఆగింది. వాడు "ఊ" అనేంత సేపు ఆగింది.

"ఢిల్లీబాబూ, లెయ్యి నాయనా."

ఆ పిల్ల మోనిక అప్పుడు రెండో పక్కకి పోయి, ఇంకో చెవిలో, రాని గొంతుతోనే "గుణా" అని పెదాలాడించింది. తరువాత అందరం ఊరుకున్నాము. పిలిచినాక కొంతసేపు ఊరుకోవాల, అది వాడిక. కానుగ మొక్క ఆకులు కదిలినాయి. మనిషి కదలలేదు.

మామ చెయ్యి దించినాడు. మగోళ్ళు పాడె ఎత్తుకొని కల్వర్టు పక్కకి పోయినారు. పలక చప్పుడు దూరమైంది. ఆడోళ్ళు మోనికని పట్టుకొని ఇంటి దోవ పట్టినారు. గంగులక్క మాత్రం అరుగు మీద నుంచి లేయలేదు. నేను పక్కన కూర్చున్నాను.

"లేయలేదు మే" అనింది.

"లేయలేదక్కా."

"దించినారు. ఎండ కూడా పడలేదు. మూడు సార్లు పిలిచినాను." ఖాళీ రాయి మీద చెయ్యి పెట్టి నిమరతా ఉండాది. "నిజం చెప్పు పంకజా. ఆ పొద్దు వాళ్ళు దించి ఉన్నా, నేను పిలిచి ఉన్నా, వాడు లేసేవాడు కాదా?"

ఏమి చెప్పాల నేను? లేసేవాడు అంటే, ఆమె కొడుకుని మట్టిలో బతికుండగా పెట్టినట్టు. లేసేవాడు కాదంటే, ఇన్నేండ్లు ఆమెని నిలబెట్టిన ఆశని నా చేతులతో పీకేసినట్టు. జయరామయ్య మీద అంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు, ఆ వంక గట్టు మీద కూడా. దోవ ఇయ్యకుండా ఆయన చేసింది శవాన్ని నీళ్ళల్లో మోయించడం ఒక్కటే కాదు. ఈ మాట అడిగే గతి ఒక తల్లికి పట్టించినాడు.

"లేసేవాడు కాదక్కా. నేను పట్టి చూసినాను. చల్లగా ఉండాడు."

ఆమె తల ఊపింది. చాలాసేపు ఊపతానే ఉండాది. అప్పుడు ఏడ్చింది. వాడు పోయిన నాడు గట్టు మీద అరిచింది గానీ ఇట్ల ఏడవలేదు, ఆనక ఒక్కనాడు కూడా ఇట్ల ఏడవలేదు. చప్పుడు లేకుండా, ఒళ్ళంతా కదిలిపోతా ఏడ్చింది. నేను పట్టుకున్నాను. మాకందరికీ ఢిల్లీబాబు ఆ వానల్లోనే పోయినాడు. వాళ్ళమ్మకి ఆ అరుగు మీద పోయినాడు.

పొద్దు నెత్తి మీదికి వచ్చింది. కొంగుతో మొగం తుడుచుకొని లేసింది. మోనిక ఇంటి కాడికి పోదామనుకున్నాను. ఆమె రెండడుగులేసి నిలబడిపోయింది.

"చిన్నబ్బ మామకి చెప్పు మే" అనింది. "ఢిల్లీబాబుకి దినం చెయ్యాల."

"చేద్దామక్కా."

"సంగటి, కోడిపులుసు చెయ్యాల. వాడికి పులుపు జాస్తి ఉండాల." నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేటట్టు. "ఇన్నేండ్లు వాడికి ఒక్కసారి కూడా ఆకులో కూడు పెట్టలేదు కదే పంకజా. నా బిడ్డని పస్తు పెట్టేసినానే."